స్టెప్నీ లేని కారు, రెడ్డిగారి నల్ల చక్రం

ముందుగా ప్రమాణం. నేను కింద రాసేదంతా నిజం. మా ఇంటిదేవుడి మీద ఒట్టు, ఇన్నేళ్ళు అన్నం పెట్టిన గాలి మిషను మీద ఒట్టు, నా ఎడమచేతి బొటనవేలి మీద ఒట్టు. ఆ వేలిని ఒకసారి లారీ రిమ్ము నలిపింది కాబట్టి దాని మీద వేసిన ఒట్టు మిగతా రెండింటికన్నా గట్టిది. నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. బాగేపల్లిలో నా మాటను సగానికి విరిచి నమ్మడం జనానికి అలవాటు. ఈసారి విరవకుండా నమ్మమని మనవి.

హైవే పక్కన టైర్ల షాపు నడిపి, నడుము మొరాయించాక ఈమధ్యే మానుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్నడిగేవి రెండే: ఏ మిషను కొనాలి, షాపు ఎక్కడ పెట్టాలి. మిషను డబ్బున్న ఎవడైనా కొంటాడు. పంక్చరు పడ్డ బండి దగ్గర నిలబడ్డ మనిషితో ఎలా మాట్లాడాలో ఎవరూ అడగరు. అసలు పని అదే.

నేర్పినవాడు, తరిమినవాడు

నాకు పని నేర్పింది చింతామణిలో ఖాదర్ సాబు. మురుగమల్ల నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. మనిషి బక్కపలచన, మాట ఇనుము. చేరిన కొత్తలో ఒక స్కూటర్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, తిప్పి, మళ్ళీ ముంచి, పొద్దంతా చిల్లు వెతికాను. బుడగ రాదు. గాలి మాత్రం తెల్లారేసరికి పోతోంది. సాబు చూసి చూసి వచ్చి, వేలికి ఉమ్మి అద్దుకుని వాల్వు మూతి మీద రాశాడు. అక్కడ చిన్న బుడగ లేచింది.

“పెద్ద రోగం వెతికే ముందర నోరు చూడప్పా,” అన్నాడు. “మనిషికైనా, టైరుకైనా.”

ఆయన దగ్గర ఇంకో మాట నేర్చుకున్నాను. టైరు పక్కగోడ కోసుకుపోతే అతుకు వేయకూడదు. నేల తాకే భాగంలో మేకు దిగితే అతుకుతాం, అది నిలుస్తుంది. పక్కగోడ అలా కాదు. బండి నడిచేటప్పుడు అది ప్రతి చుట్టుకూ ఊపిరి తీసినట్టు వంగుతుంది, అతుకు ఊడుతుంది. అతికిన షాపు ముందు కాదు ఊడేది, ఘాట్ రోడ్డు మలుపులో. ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా పక్కగోడ అతకవద్దు. ఇందులో నేను అబద్ధం ఆడటం లేదు, ఆడను కూడా.

తరువాత చిక్కబళ్ళాపురంలో మరో యజమాని దగ్గర కొన్నాళ్ళు చేశాను. ఆయనకు వ్యాపారం మందగించిన రోజు రోడ్డు మీద మేకులు మొలిచేవి. నన్ను కూడా ఆ విత్తనాలు చల్లమన్నాడు. చల్లనన్నాను, తరిమేశాడు. ఆ మేకుల మీద ఆయన బామ్మర్ది బండే మొదట ఎక్కిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట ఊళ్ళో పుట్టించింది నేనే, కానీ అది జరిగింది కూడా.

వెనక తెరిస్తే ఇంజను

దేవనహళ్ళిలో విమానాశ్రయం కడతారన్న మాట పుట్టాక మా రోడ్డు మీద కార్ల జాతి మారింది. ఆదివారం ఉదయం బెంగళూరు నుంచి నేలను ఆనుకున్నట్టుండే పొట్టి స్పోర్ట్స్ కార్లు పెద్ద శబ్దంతో వచ్చి, హిందూపురం వైపు నాలుగు మైళ్ళు ఉరికి, ఇడ్లీ తిని వెనక్కి పోయేవి.

మొదటిసారి అలాంటి కారొకటి నా షాపు ముందు గాలి పోయి ఆగినప్పుడు, స్టెప్నీ తీద్దామని వెనక డిక్కీ మూత ఎత్తాను. లోపల ఇంజను ఉంది. మూత దించాను. మళ్ళీ ఎత్తాను. ఇంజనే ఉంది. ముందు వైపు తెరిస్తే ఒక చిన్న సంచి పట్టే గుంట.

“స్టెప్నీ యాడ సార్?” అన్నాను కారాయనతో.

“స్టెప్నీ ఇచ్చే కారు కాదప్పా ఇది,” అన్నాడాయన కాస్త గర్వంగా. ఇచ్చేదల్లా ఒక డబ్బా బంక, ఒక చిట్టి గాలి పంపు. వాల్వులోంచి బంక ఎక్కించి పంపుతో గాలి కొడితే చిన్న చిల్లు మూసుకుంటుంది, మెల్లగా దగ్గరి ఊరు చేరవచ్చు. బరువు తగ్గాలని, చోటు మిగలాలని అయిదో చక్రం తీసేశారట. మా వైపు మనిషికి ఇది ఎక్కదు. మేము కొత్త బండికి పూజ చేస్తే నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, అయిదోది స్టెప్నీ మీద పెడతాం. దేవుడి దగ్గరే లెక్కలో ఉన్నదాన్ని కంపెనీవాడు ఎలా తీసేస్తాడు?

అసలు కథ అక్కడే మొదలవుతుంది.

అత్తగారి కొబ్బరికాయ

నరసింహ అని బెంగళూరులో ఒక పెద్దమనిషి దగ్గర డ్రైవరు. భార్యది బాగేపల్లి పక్క పల్లె. అత్త లక్ష్మమ్మకు అల్లుడి ఉద్యోగం మీద గౌరవం లేదు. “ఊరోళ్ళ బండి తోలేవానికి నా బిడ్డనిస్తినే,” అని వీధిలో వినేలా అంటుండేది. ఒక ఆదివారం యజమాని కొత్త పసుపు రంగు స్పోర్ట్స్ కారును హైదరాబాదు నుంచి బెంగళూరుకు తెమ్మని నరసింహను పంపాడు. సాయంత్రం ఆయన ఇంట్లో స్నేహితులకు ఆ కారు చూపించాలి. కారు మీద ఒక గీత పడిందని అంతకుముందున్న డ్రైవరును ఆ రోజే పనిలోంచి తీసేశాడని నరసింహకు తెలుసు.

తెలిసి కూడా అల్లుడు హైవే దిగి అత్తగారి వీధిలోకి పోయాడు. ఒక్కసారి ఆమె కళ్ళతో చూడాలని.

లక్ష్మమ్మ చూసింది. చూసి మెత్తబడింది. మెత్తబడి, “ఇంత బండికి దిష్టి తీయకుండా పంపిస్తానా,” అని నిమ్మకాయలు పెట్టింది. అయిదో నిమ్మకాయ పట్టుకుని చుట్టూ తిరిగి, పెట్టే చోటు దొరకక అల్లుడి చేతికిచ్చింది. గడప ముందు రాతి అంచు మీద కొబ్బరికాయ కొట్టింది. ఒక చిప్ప ఎగిరి రాతికీ కుడివైపు ముందు చక్రానికీ మధ్య ఇరుక్కుంది. నరసింహ స్టీరింగు పూర్తిగా తిప్పి బండి కదిలించాడు.

మామూలు కారు టైరైతే చిప్పను నలిపి పోయేది. ఈ కార్ల టైరుకు పక్కగోడ మూడు వేళ్ళ ఎత్తు కూడా ఉండదు, పలచన. చిప్ప దాన్ని మామిడికాయ చెక్కినట్టు చెక్కింది.

కబురొచ్చి నేను పోయేసరికి వీధంతా అక్కడే ఉంది. నరసింహ అప్పటికే కంగారులో బంక డబ్బా మొత్తం ఎక్కించేశాడు. కోతలోంచి తెల్లటి నురగ బుసబుసా పొంగుతోంది.

“పాలు పొంగినట్టుండాది కదప్పా, శుభమే,” అంది లక్ష్మమ్మ.

“శుభమేంది అత్తా, నా పని పోయె,” అన్నాడు నరసింహ. నేల మీద కూర్చున్నాడు. “అన్నా, ఎట్లన్నా అతికీయన్నా. బెంగళూరు దాంకా నిలిస్తే చాలు.”

“అతకను.”

“మెల్లగా పోతానన్నా.”

“ఆ కారు మెల్లగా పోనిస్తాదా నిన్ను? టోలు దాటినాక నీ కాలు నీ మాట వినదు. అతకను నరసింహా. ఇంకో దోవ చూద్దాం.”

“అంత పెద్ద మిషన్లు పెట్టుకోనుండావు, కొబ్బరి చిప్ప కోసిన కోత అతకలేవా,” అంది లక్ష్మమ్మ.

“నువ్వు కొట్టిన దెబ్బకు మందు నాకాడ ల్యామ్మా,” అన్నాను. వీధి నవ్వింది. ఆమె నవ్వలేదు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చెయ్యి అక్కడ పడటం నరసింహకు అదే మొదటిసారి అని నాకు తరువాత తెలిసింది.

రెడ్డిగారి హంపు

ఆ సైజు టైరు బెంగళూరులో తప్ప దొరకదు, ఆదివారం అక్కడా దొరకదు. కానీ అదే కంపెనీ, అదే మోడలు కారు చిక్కబళ్ళాపురం పక్కన ఇంకోటుందని నాకు తెలుసు. ముని రెడ్డి అని ద్రాక్షతోటల రైతు. విమానాశ్రయం పక్క భూమి అమ్మి ఎర్ర కారు కొన్నాడు. కొన్నాక ఊరి ముందు హంపు, అదే స్పీడ్ బ్రేకరు, దాటలేక బండిని పట్టుపురుగుల షెడ్డు పక్కన నిలిపేశాడు. కొన్న రోజు హంపు లేదు. ఆ శబ్దం విన్న మర్నాడే పంచాయతీవాళ్ళు వేశారు. నేను అప్పుడప్పుడూ పోయి టైర్లకు గాలి పెట్టి వచ్చేవాణ్ణి. నడవని బండి టైరు ఒకేవైపు అణిగి చెడుతుంది.

నేను పోయేసరికి రెడ్డి కార్లో కూర్చుని రేడియో వింటున్నాడు. సంగతి చెప్పాను.

“చక్రం ఇస్తే నా బండి మూడు కాళ్ళ మీద నిలబడతాది,” అన్నాడు. “జనం ఏమంటారు? రెడ్డి చక్రాలు ఇప్పి అమ్ముకుంటాండాడు అంటారు.”

“నాలుగు కాళ్ళుండీ యాడికి పోతాండాదప్పా మీ బండి?”

ఆయన రేడియో ఆపాడు. కోపం వచ్చిందనుకున్నాను. “ఆ హంపు దాటించు,” అన్నాడు. “ఒక్కసారి దాటించు. నాలుగూ తీసుకోని పో.”

ఇక్కడ కుర్రవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. పొట్టి కారును హంపు మీదికి నేరుగా ఎక్కిస్తే రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కి దిగుతాయి, మధ్యలో పొట్ట తగులుతుంది. ఏటవాలుగా పోవాలి. ఒక్కో చక్రం విడిగా ఎక్కాలి, విడిగా దిగాలి. నాగలిని మూల తిప్పినట్టు. రెడ్డికి ఆ పోలిక చాలు. స్టీరింగు పట్టుకున్నాడు. నేను ముందు నడుస్తూ, వంగి కింద చూస్తూ చెయ్యి ఊపాను.

“కుడికి. ఇంకా. ఇప్పుడు ఒక చక్రం ఎక్కనీండి. ఆగండి. రెండోది. ఊపిరి పట్టకండి రెడ్డీ, బండి బరువు తగ్గదు.”

నాలుగో చక్రం దిగింది. పొట్ట తగల్లేదు. రెడ్డి ఇంజను ఆపి బయటికొచ్చి, హంపును ఒకసారి, కారును ఒకసారి చూశాడు. పక్కన మేకలు తోలుకుపోతున్న ముసలాయన నిలబడి, “దాటిందా?” అన్నాడు.

“దాటింది,” అన్నాడు రెడ్డి. తరువాత నాతో, “మళ్ళా వెనక్కి రావల్ల కదా. ఇంకోసారి చూపీ,” అన్నాడు. మూడుసార్లు అటూ ఇటూ దాటించాడు. నాకు అవతల నరసింహ గుర్తొచ్చి లోపల మంట, బయట నవ్వు. పెద్ద మనిషి దగ్గర పని పడ్డప్పుడు ఆ రెండూ ఒకేసారి చేయడం రావాలి.

షెడ్డుకు తెచ్చి, చెక్కపలకల మీదికెక్కించి జాకీ పెట్టాను. చక్రం తీసేటప్పుడు ఖాదర్ సాబు మాట ఒకటి మనసులో అనుకున్నాను: కుడి ఎడమలు బండికి ఎదురుగా నిలబడి చూడొద్దు, డ్రైవరు సీట్లో కూర్చున్నట్టు చూడు. ఈ టైర్లకు తిరిగే దిక్కు చూపే బాణం ఉంటుంది. ఎడమది తెచ్చి కుడికి వేస్తే బాణం వెనక్కి చూస్తుంది. ముందు కుడి చక్రాన్నే తీశాను. రిమ్ము నల్లగా నిగనిగలాడుతోంది. నరసింహ కారుకున్నవి వెండి రంగువి. దాని గురించి తరువాత ఏడుద్దామనుకున్నాను.

చక్రానికి టికెట్టు

రెడ్డి టెంపో టమోటాలతో చింతామణి మార్కెట్టుకు పోయింది. నా మోపెడ్ మీద ఆ చక్రం కూర్చోదు. మోపెడ్ అక్కడే వదిలి బస్సెక్కాను. చక్రాన్ని కిటికీ పక్క సీట్లో పెట్టి నేను ఇవతల కూర్చున్నాను.

కండక్టరు వచ్చి నిలబడ్డాడు. “ఇదేందప్పా?”

“చక్రం.”

“కనపడతాండాది. ఇది లగేజా, ప్యాసింజరా?”

“సీట్లో కూర్చునింది కదా, నువ్వే చెప్పు.”

“లగేజైతే పైన ఎయ్యి.”

“పైనేస్తే గీత పడతాది. దీని రేటు నీ బస్సు కంటే ఎక్కువ.”

వెనక సీటు పెద్దమ్మ తల ముందుకు పెట్టింది. “పాపం, కొత్తదున్నట్టుండాది. కూర్చోనీరాదా అప్పా. అది ఏమన్నా అడగతాండాదా, కక్కుతాండాదా?”

కండక్టరు ఆలోచించి ఒక పిల్లవాడి టికెట్టు చింపాడు. అర టికెట్టు మీద ప్రయాణం చేసిన స్పోర్ట్స్ కారు చక్రం దేశంలో అదొక్కటే అని నా నమ్మకం. బాగేపల్లిలో దిగేటప్పుడు నలుగురు చేతులు వేసి దించారు, అక్కణ్ణుంచి ఆటోలో పల్లెకు చేర్చాను.

బండిని ఎత్తలేకపోతే

లక్ష్మమ్మ వీధిలో చివరి చిక్కు. కారు కింద జాకీ దూరదు. గాలిపోయిన మూల నేలకు ఇంకా దగ్గరగా ఉంది. వీధిలో మగవాళ్ళు చొక్కాలు మడిచి, “ఎత్తేస్తాం ఉండన్నా,” అని ముందుకొచ్చారు. బంపరు పట్టుకోబోయిన చేతిని తోసేశాను. అది ప్లాస్టిక్కు. పట్టుకుని లేపితే బంపరు చేతిలోకి వస్తుంది, కారు అక్కడే ఉంటుంది. మొదట్లో ఒకరి కారుకు అలాంటి పనే చేసి, పక్క అంచు పగలగొట్టి, తల వంచుకుని నిలబడ్డవాణ్ణి నేను.

“అమ్మా, పార ఉండాదా?” అన్నాను లక్ష్మమ్మతో.

“పార ఎందుకు? బండిని పూడుస్తావా?”

“నేలను దించుతాను.”

బండిని ఎత్తలేకపోతే నేలను దించాలి. జాకీ పెట్టే చోటుకు నేరుగా కింద మెల్లగా మట్టి తవ్వాను. వేరుశనగ నేల, పార కింద పిండిలా వస్తుంది. అందుకే గుంటలో అడ్డంగా మందపాటి చెక్క వేసి, దాని మీద జాకీ పెట్టాలి. లేకపోతే జాకీయే భూమిలోకి పోతుంది, బండి లేవదు. జాకీ తిప్పుతుంటే పసుపు కారు ముక్కు అంగుళం అంగుళంగా లేచింది. నురగ కక్కిన చక్రం ఊడింది. రెడ్డిగారి చక్రం ఎక్కింది. బోల్టులు ఒకదాని పక్కనొకటి కాకుండా ఎదురెదురుగా బిగించాను. గాలి చూశాను. వాల్వు మూతి మీద ఉమ్మి రాశాను, అలవాటు.

కోసుకుపోయిన చక్రం పెట్టడానికి కార్లో చోటు లేదు. పక్క సీట్లో పాత చీర పరిచి దాన్ని కూర్చోబెట్టి, లక్ష్మమ్మ బెల్టు పెట్టింది. ఎండ ఇంకా తగ్గలేదు. బెంగళూరుకు సాయంత్రానికి చేరేంత పొద్దు మిగిలింది.

మిగిలింది నల్ల రిమ్ము. మూడు వెండివి, ఒకటి నల్లది. దానికి నేనొక మాట అల్లి నరసింహకు నేర్పాను. పెనుకొండ దగ్గర కొండ పేలుస్తుంటే రాయొకటి ఎగిరొచ్చి టైరుకు తగిలిందని, ఆ కంపెనీవాళ్ళు హైవే పొడుగునా దాచి ఉంచే అత్యవసర చక్రం ఇదని, గుర్తుకోసం దానికి నలుపు వేస్తారని. నరసింహ రెండుసార్లు అప్పజెప్పాడు. పోతూ పోతూ దారిలో యజమానికి ఫోను చేసి ఇదే చెప్పాడు. ఆయన నమ్మి, కంపెనీని మెచ్చుకున్నాడు. సాయంత్రం స్నేహితులందరికీ నల్ల చక్రం చూపించి గొప్పలు చెప్పాడు. నరసింహ ఉద్యోగం నిలిచింది. వారం తిరక్కుండా రెడ్డి చక్రం రెడ్డికి చేరింది. అప్పటినుంచి అలాంటి కార్లవాళ్ళు బాగేపల్లి వస్తే ఇడ్లీ తరువాత నా షాపు దగ్గర ఆగకుండా పోలేదు. చింతామణి నుంచి ఖాదర్ సాబు ఒకరోజు వచ్చి, వరుసగా నిలబడ్డ పొట్టి కార్లను చూసి, “నోరు చూస్తాండావా ముందర?” అని మాత్రం అడిగాడు. చూస్తున్నానన్నాను. టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు అంతకు మించిన బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

ఇందులో నేను కల్పించింది

బస్సులో అర టికెట్టు అనుకుంటారు. అది నిజం. హంపు మూడుసార్లు దాటడం నిజం, చూసిన ముసలాయన ఇప్పటికీ మేకలు తోలుతున్నాడు, అడగండి. పాలు పొంగినట్టుందన్న మాట లక్ష్మమ్మదే, నాకంత తెలివి లేదు.

కల్పించింది ఒక్కటే. యజమాని నమ్మాడన్నానే, అది.

ఆ అబద్ధం నేను అల్లిన మాట వాస్తవం. మంచి అబద్ధం, ఇప్పటికీ దాన్ని తలచుకుంటే నాకు ముద్దొస్తుంది. కానీ అది యజమాని చెవిన పడనే లేదు. నరసింహ కారెక్కి, తాళం తిప్పి, మళ్ళీ ఆపాడు. “ఆ అబద్ధం నా చేత కాదన్నా,” అన్నాడు. అక్కడే, అత్తగారి గడప ముందే, మేమంతా నిలబడి ఉండగా ఫోను చేశాడు. ఆ యజమానిది మూలం మా వైపే, తెలుగే మాట్లాడతాడు. నరసింహ హైవే దిగిన దగ్గర్నుంచి నల్ల రిమ్ము దాకా, ఒక్క అక్షరం దాచకుండా చెప్పాడు. నేను ఆపమని సైగలు చేస్తూనే ఉన్నాను. లక్ష్మమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది.

అవతలి నుంచి యజమాని గొంతు మాకందరికీ వినిపించింది.

“కాయ కుళ్ళిందా, బాగుండిందా?”

నరసింహకు అర్థం కాలేదు. లక్ష్మమ్మే ముందుకొచ్చి ఫోన్లోకి చెప్పింది. “బాగుండిందప్పా. లోపల పువ్వు కూడా ఉండాది.”

“అయితే దిష్టి టైరుతోనే పోయిందిలేమ్మా,” అన్నాడు ఆయన. “నరసింహా, మెల్లగా రా. రెడ్డి చక్రం జాగ్రత్త.”

ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఆ యజమాని చేత నా అబద్ధాన్నే నమ్మించాను. ఎందుకంటే ఆయన అన్న ఆ మాట నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.